లూసర్న్ గడ్డి, పేము కుర్చీ

రెండు వేల ఇరవై అయిదు ఆగస్టు పదిహేడు, ఆదివారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. గాలి లేదు, ఉరుము లేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఆకాశం దిల్‌సుఖ్‌నగర్ మీద వేలాడుతోంది. మెట్రో వంతెన అంచు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా హనుమాండ్లు చాయ్ బండి పట్టా మీద పడుతున్నాయి. తేదీ, వాతావరణం ఎందుకు చెబుతున్నానంటే, నావన్నీ కోతలే అనేవాళ్లు ఈ చుట్టుపక్కల కొందరున్నారు. కోతలు కోసేవాడు ఎక్కడైనా తేదీ చెబుతాడా?

నా పేరు త్రినాథరావు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో కాకినాడలో బీకాం ప్యాసయ్యాను. ఆ రోజుల్లో బీకాం అంటే వీధిలో నడుస్తుంటే అరుగుల మీదవాళ్లు లేచి నిలబడేవారు. సరే, అది వేరే కథ. విశాఖ రేవులో విదేశీ సరుకులు విడిపించే ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరాను, అక్కడే రిటైరయ్యాను, మా బావమరిది మంచి ఫ్లాటు ఉందని చెబితే ఎల్బీనగర్ వచ్చి స్థిరపడ్డాను. రోజూ పొద్దున్నే మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి హనుమాండ్లు దగ్గర చాయ్ తాగుతాను. ఎల్బీనగర్‌లో చాయ్ దొరకదా అంటే దొరుకుతుంది. వినేవాళ్లు దొరకరు.

హనుమాండ్లు బండి పక్కన ఒక పేము కుర్చీ ఉంది. అది విశ్వేశ్వరరావు గారిది. ఆయన ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరిస్తే బస్సు కోసం నిలబడ్డవాళ్లు బస్సు వదిలేసుకునేవారు. కోతల్లో ఆయనకు సాటి లేదు. ఆ కుర్చీ చుట్టూ ఆయన పెట్టిన నియమం ఒకటుంది: కథ జరుగుతుండగా 'అబద్ధం' అనే మాట ఎవరూ అనకూడదు. వినేవాడు అంటే అందరికీ చాయ్ ఇప్పించాలి. చెప్పేవాడే అంటే కథా పోయింది, కుర్చీ మీద ఆశా పోయింది. పోయిన నెలలో ఆయన కాలం చేశారు. పోయేముందు కూతురు ఇంద్రాణితో అన్నారట: 'ఎవరి కథ చివరిదాకా ఆ మాట లేకుండా నడుస్తుందో కుర్చీ వాడిది.'

ఆ ముందటి ఆదివారం గౌతమ్ ప్రయత్నించాడు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు, మా గోదావరి వైపు కుర్రాడే. వాడు చెప్పినదాంట్లో ఏనుగు ఎక్కాలు అప్పజెప్పింది. సగంలో తనకే నవ్వొచ్చి, "అబద్ధం లెండి బాబాయ్ గారూ" అని తనే అనేసి ఓడిపోయాడు. ఇక మిగిలింది నేను. పన్నెండేళ్లుగా ఆ కుర్చీ ఎదురుగా బోర్లించిన పాల క్రేటు మీద కూర్చున్నవాణ్ణి. నేను చెప్పేవీ అక్కడ వినేవారు, కాని చాయ్ చల్లారేదాకానే. విశ్వేశ్వరరావు గారికైతే రెండో చాయ్ చెప్పుకునేవారు. నాకు కావలసింది ఆ రెండో చాయ్.

ఆ రోజు వినడానికి హనుమాండ్లు, గౌతమ్, పక్కన చీరల దుకాణం రాజేశ్వరమ్మ గారు ఉన్నారు. ఆవిడది పోచంపల్లి. దుకాణంలో ఆవిడ పద్ధతి నేను చాలాసార్లు చూశాను. చీర పరిచి మాట్లాడకుండా కూర్చుంటారు. వచ్చినవాళ్లు రంగు బాగుంది, అంచు బాగుంది, మా అక్కకు ఇలాంటిదే ఉంది అని తమ నోటితో తామే పొగిడేదాకా ధర చెప్పరు. ఆ తర్వాత బేరమాడటానికి వాళ్లకు నోరుండదు. ఆవిడ దుకాణం మెట్టు దిగి వచ్చి, ఎప్పటిలాగే నిలబడి చాయ్ తాగుతున్నారు.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

బాటసింగారంలో భానుమూర్తి అని నా స్నేహితుడున్నాడు, పాడి ఉంది. మామూలు పాడే, గొప్పలు చెప్పను. ఒక ఎండాకాలం వాడి గేదెలకు పచ్చిమేత దొరకలేదు. వట్టి వరిగడ్డి తిని పాలు సగానికి పడిపోయాయి. వాడు వచ్చి నా ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. ఒరేయ్, ఇంతదానికేనా, విదేశాల నుంచి అల్ఫాల్ఫా ఒక కంటైనరు తెప్పిస్తాను, నువ్వు లేచి మొహం కడుక్కో అన్నాను.

"గదేంది సారూ, అల్ఫ... ఏందో?" అన్నాడు హనుమాండ్లు.

మన లూసర్న్ గడ్డేనయ్యా. కాడకు మూడేసి ఆకులు, ఊదారంగు పువ్వు, ఎండితే తియ్యటి వాసన. పశువుకు అది మనకు పెళ్లి భోజనం లాంటిది. పెళ్లి భోజనమంటే గుర్తొచ్చింది, మా పినతండ్రి పెళ్లిలో...

"గడ్డి సంగతి చెప్పుండ్రి సారూ."

వస్తున్నా. ఒక్క ఉత్తరం రాశాను, కంటైనరు ఓడెక్కింది. ఓడ దిగి, రైలెక్కి, మన ఊరి చివర సరుకులు విడిపించే డిపోకి వచ్చింది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. అసలు పని సుంకం దగ్గర. దిగుమతి చేసుకున్న వస్తువు ఏదైనా ముందు దానికో పేరు పెట్టాలి. పేరును బట్టి సుంకం. పొడి చేసి ఉండలు చుడితే ఒక లెక్క, మోపు కడితే ఒక లెక్క, విత్తనమైతే ఇంకో లెక్క. అధికారి పేరెందుకు గాని, మంచివాడు, నిదానస్తుడు. ఒక పరక తీసి చూశాడు. మూడాకులున్నాయి, కాబట్టి ఇది కంది, మినుము జాతి, పప్పు సుంకం కట్టండి అన్నాడు. పప్పు కాదు బాబూ, గడ్డి అన్నాను. ఆయన నలిపి వాసన చూశాడు. ఇది టీ ఆకులా ఉందే, టీ సుంకం కట్టండి అన్నాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? అక్కడే పొయ్యి వెలిగించి, ఆ గడ్డి మరిగించి, పాలూ పంచదారా వేసి ఇచ్చాను. తాగి, చాలా బాగుంది, ఇది తప్పకుండా టీయే అన్నాడు!

"మా దగ్గర తాగితే గామాట అనకపోయేటోడు" అన్నాడు హనుమాండ్లు.

"నీ దగ్గర తాగితే అది గడ్డే అని రాసిచ్చేవాడు" అన్నాడు గౌతమ్. ఇద్దరూ నవ్వుకున్నారు. రాజేశ్వరమ్మ గారు నవ్వలేదు. శ్రద్ధగా వింటున్నారు. ఆ శ్రద్ధ చూసి నాకు ఉత్సాహం వచ్చింది.

ఏ పేరు పెట్టాలో తేలలేదు. తేలకపోతే ఏం చేస్తారు? ఒక బాండు రాయించుకుని సరుకు వదులుతారు. రేపు లెక్క తేలాక ఎంతయితే అంత కడతానని మనం రాసివ్వాలి, మనకు హామీగా ఇంకొకరు సంతకం పెట్టాలి. ఇది నిఖార్సయిన పద్ధతి, నలభై ఏళ్లు ఆ పనిలో చేసినవాణ్ణి. అధికారి అడిగాడు, హామీగా ఏం చూపిస్తారు అని. మామూలువాళ్లు ఇల్లు చూపిస్తారు, పొలం చూపిస్తారు. నేను కలం అందుకుని ఒకటే వాక్యం రాశాను: 'నాకున్నదీ, ఇకముందు నాకు రాబోయేదీ, సమస్తం.' అధికారి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

రాజేశ్వరమ్మ గారు అప్పుడు మొదటిసారి నోరు విప్పారు. "రాబోయేది గూడ రాసిచ్చినవా అన్నా?"

రాసిచ్చానమ్మా. త్రినాథరావు మాటంటే మాటే.

"మంచిగున్నది. మరి జమానత్ ఎవరున్నరు?"

ఎవరో ఒకరున్నారులెండి. నాకు సంతకం పెట్టేవాళ్లకు కరువా? నేను, నేనని తోసుకున్నారు. గుమ్మం దగ్గర తొక్కిసలాట జరిగింది.

"మంచిది, మంచిది. చెప్పు అన్నా" అని ఆవిడ మళ్లీ గ్లాసు ఎత్తుకున్నారు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరుకు వదిలారు గాని, లెక్క తేలొద్దూ? గడ్డా, పప్పా, టీయా చెప్పగల నిపుణుణ్ణి తీసుకురండి అన్నారు. పశువైద్యుణ్ణి తెమ్మన్నారు, నేను పశువునే తెస్తానన్నాను. భానుమూర్తి పాకలో అన్నిటికన్నా పెద్ద గేదె ఒకటుంది, వాళ్లు దాన్ని కలెక్టరమ్మ అని పిలుస్తారు, ఆ నడక అలాంటిది. లారీలో ఎక్కిద్దామంటే ఎక్కనంది. ఎల్బీనగర్ స్టేషనుకు నడిపించుకొచ్చి మెట్రో ఎక్కించాను.

"అబ..." అన్నాడు గౌతమ్.

హనుమాండ్లు చటుక్కున చాయ్ గ్లాసులు పేర్చడం మొదలుపెట్టాడు.

"అబ్బబ్బ! ఏం ధైర్యం బాబాయ్ గారూ మీది" అని గౌతమ్ చెమట తుడుచుకున్నాడు.

ధైర్యం నాది కాదు నాయనా, గేదెది. తనిఖీ చేసే ద్వారంలోంచి వెళ్తుంటే అలారం మోగింది. మెడలో గంట తీసి బుట్టలో పెట్టి మళ్లీ వెళ్లింది. ఆడవాళ్ల పెట్టెలోనే ఎక్కింది. చైతన్యపురి రాగానే ఒక ముసలమ్మకు చోటు కూడా ఇచ్చింది. డిపోలో దిగాక సరాసరి అధికారి గదిలోకి నడిచి, బల్ల మీదున్న గడ్డిని వాసన చూసి, కళ్లు మూసుకుని, ఒక్క నోట నమిలేసింది. ఆ తర్వాత పక్కనున్న కందిపప్పు పొట్లం ముట్టలేదు. టీ పొడి డబ్బా ముట్టలేదు. అధికారి ఉత్తర్వు రాశాడు: 'సాక్షి తిన్నందున ఇది పశుగ్రాసమని నిర్ధారించడమైనది.' సంతకం కింద కలెక్టరమ్మ గిట్ట ముద్ర వేయించాడు.

"అయితే కథ అయిపోయినట్టే" అన్నాడు గౌతమ్ ఆశగా.

ఎక్కడ అయిపోయింది? ఆ ఒక్క నోటి మేతకే కలెక్టరమ్మకు చేపు వచ్చింది. అక్కడికక్కడ పాలు పితికితే బిందెలు నిండి, బాల్చీలు నిండి, ఆఫీసు వాటర్ ఫిల్టరు నిండింది. అధికారి కలం మళ్లీ తీశాడు. ఈ పాలు ఎక్కడి గడ్డివి? విదేశీ గడ్డివి. అయితే ఇవి విదేశీ పాలు, పాల సుంకం కట్టండి అన్నాడు! గడ్డి వచ్చింది ఓడలో, పాలొచ్చింది గేదెలోంచి, గేదె ఓడ కాదు కదా అన్నాను. ఆయన ఆలోచించి, ఆ మాట రాసుకుని, పై అధికారికి పంపాడు. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది.

ఇక మోపుల సంగతి వినండి. దూరదేశం నుంచి వచ్చే గడ్డిని రెండేసిసార్లు మరలో వేసి నొక్కుతారు, ఓడలో చోటు కలిసి రావాలని. సూట్‌కేసంత మోపులో ఎకరం గడ్డి ఉంటుంది. ఆ సంగతి తెలియక లారీ డ్రైవరు ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక మోపు జారితే, సర్దుదామని దాని ఇనప పట్టీ కోశాడు. అంతే! గడ్డి పొంగింది. మినీబస్సంత అయింది, మేడంత అయింది, ఫ్లైఓవరు కింద ఇరుక్కుని దాన్ని జానెడు పైకి లేపింది. ఇప్పటికీ ఆ ఫ్లైఓవరు మీద పోయేటప్పుడు నడుం దగ్గర జిల్లుమంటుంది, మీరు గమనించారో లేదో.

"నేను ఆటోల ఎప్పుడెక్కినా గదే జిల్లు" అన్నాడు హనుమాండ్లు. "గడ్డి అనుకోలే, స్ప్రింగు పోయింది అనుకున్న."

ఆ వాసన మీర్‌పేట దాకా కొట్టింది. మీర్‌పేట పాకల్లో గేదెలన్నీ పలుపులు తెంచుకుని బయల్దేరాయి. ట్రాఫిక్ పోలీసులు ఆపబోతే ఎడమ పక్కనే నడిచాయి, ఎర్రలైటు పడితే ఆగాయి. హైదరాబాదులో ఎర్రలైటుకు అందరూ ఆగిన రోజు అదొక్కటే. చౌరస్తాలో నిలబడి మేసి, మళ్లీ వరసగా ఇళ్లకు పోయాయి. మర్నాటి పాలు కాచిన గిన్నెల్లో మీగడ పరుపులా లేచింది. పెరుగు తోడుకుంటే గరిటె దిగలేదు, వడ్రంగిని పిలిచారు. ఇక్కడి హాస్టళ్లలో ఆ పెరుగు తిన్న పిల్లలకు మెదళ్లు ఎట్లా తయారయ్యాయంటే, ప్రశ్న చదవకముందే జవాబు రాసేశారు. గౌతమ్, మీ సెంటరుకు ఆ ఏడు అన్ని ర్యాంకులు ఎందుకొచ్చాయనుకున్నావు?

"నేను పాఠం బాగా చెప్పాననుకున్నా" అన్నాడు గౌతమ్ చిన్నబోయి.

నువ్వూ చెప్పావులే, కాదనను. గడ్డి ఎక్కువ చెప్పింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గేదెలు పోతూ పోతూ వేసిన పేడలో విత్తనాలున్నాయి. తొలకరి పడింది. ప్రతి మెట్రో స్తంభానికీ లూసర్న్ అల్లుకుపోయింది, వనస్థలిపురం నుంచి గడ్డిఅన్నారం దాకా ఊదారంగు పూలు! పళ్ల మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక ఇక్కడ వాసన లేకుండా పోయిందని బాధపడేవాళ్లం కదా, ఆ బాధ తీరింది. కోసినకొద్దీ పెరిగింది. తిని తిని మన గేదెలే చాలన్నాయి. అప్పుడు నేనేం చేశానంటే, ఏ దేశం నుంచి తెప్పించానో ఆ దేశానికే తిరిగి ఓడల్లో పంపాను. వాళ్ల గడ్డి, మన పేడ, రుచి వేరు! వాళ్ల కస్టమ్సు వాళ్లు తికమకపడ్డారు. ఇది మా గడ్డా, మీ గడ్డా, సుంకం ఎవరికి ఎవరు కట్టాలి అని. తేల్చగల నిపుణులెవరైనా ఉన్నారా అని నాకు ఫోన్ చేశారు. నేను ఒక్క పేరు చెప్పాను.

"కలెక్టరమ్మ!" అన్నాడు హనుమాండ్లు, గరిటె పక్కన పెట్టేసి.

విమానంలో వెళ్లింది. కిటికీ పక్క సీటు. ఇప్పుడు అక్కడి రేవులో ఆమెది గెజిటెడ్ ఉద్యోగం. వచ్చిన ప్రతి మోపూ ఆమె ముందు పెడతారు. తింటే గడ్డి, తినకపోతే కాదు. నెలనెలా భానుమూర్తికి ఫోన్ చేస్తుంది, అంబా అని ఒకటే మాట, వాడు ఏడుస్తాడు. అంతే. ఇదీ జరిగింది.

ఆపేశాను. పైన మెట్రో ఒకటి వెళ్లింది. చూస్తే బస్సుస్టాపులో నిలబడ్డవాళ్లు నలుగురైదుగురు పట్టా కిందికి వచ్చి వింటున్నారు. వాళ్లలో ఒకాయన హనుమాండ్లుతో, "ఇంకో చాయ్ వెయ్యి" అన్నాడు. పన్నెండేళ్లలో మొదటిసారి. నాకు కళ్లు చెమర్చాయి, ముసురు కదా, తెలియలేదు.

"ఎవరైనా ఆ మాట అంటారా?" అని అడిగాను.

గౌతమ్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. హనుమాండ్లు భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ తుడిచాడు. "కూసోండ్రి సారూ. మీదే."

నేను క్రేటు మీంచి లేచాను. కుర్చీ చేతి మీద చెయ్యి వేశాను. విశ్వేశ్వరరావు గారి మోచెయ్యి ఆనీ ఆనీ ఆ పేము నున్నగా, నల్లగా ఉంది.

"జర ఆగు అన్నా" అన్నారు రాజేశ్వరమ్మ గారు.

ఖాళీ గ్లాసు బండి మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"నువ్వు చెప్పింది అంత నిజం. ఒక్క ముక్క గూడ తప్పు లేదు. నేనే సాక్ష్యం."

"మీరా?" అన్నాను.

"నేను గాక ఎవరు? నీ బాండు మీద జమానత్ సంతకం నాదేనాయె. గుమ్మం కాడ తొక్కులాట అన్నవు గదా, గండ్ల నా చెప్పు గూడ తెగింది. యాదికి లేదా?"

హనుమాండ్లు నవ్వబోయి ఆపుకున్నాడు. నాకు ఇంకా అర్థం కాలేదు.

"కలెక్టరమ్మ ఉద్యోగానికి పోయింది, నువ్వు చాయ్ కాడ కూసున్నవు, మరి సుంకం ఎవరు కట్టాలె? జమానత్ ఉన్నోళ్లే గద. పోయిన నెల కస్టమ్సోళ్లు మా దుకాణంకొచ్చిండ్రు. గడ్డి సుంకం, పాల సుంకం, వాళ్లు తాగిన టీ సుంకం, అన్నీ నా నెత్తిన పెట్టిండ్రు. పాతిక ఇక్కత్ చీరలు ఇచ్చి పంపిన. నువ్వు పరేషాన్ అయితవని నీకు చెప్పలే. పోనియ్, తోడబుట్టినోని లెక్క అనుకున్న."

"చాలా మంచి మనసు" అన్నాడు గౌతమ్. వాడికి అప్పటికే తెలిసిపోయింది. లెక్కల మాస్టారు కదా.

"గందుకే అన్నా, బాండు ప్రకారం నీకున్నది నాకొద్దు. ఎల్బీనగర్ల ఫ్లాటు వదినె పేరు మీదుందట, నాకెందుకు. ఇకముందు రాబోయేది అని నువ్వే రాసిచ్చినవు. గిప్పుడు నీకు రాబోయేది ఏముంది చెప్పు?"

ఆవిడ వేలితో కుర్చీ వైపు చూపించారు.

నేను నోరు తెరిచాను. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. అంటే నియమం ప్రకారం కథ పోతుంది, కుర్చీ పోతుంది. కలెక్టరమ్మ పోతుంది, ఫ్లైఓవరు కిందికి దిగిపోతుంది, గేదెలు ఎర్రలైటు దగ్గర ఆగడం మానేస్తాయి. అనకపోతే కుర్చీ ఒక్కటే పోతుంది. పట్టా కింద నిలబడ్డ బస్సుస్టాపు జనం నా మొహంలోకే చూస్తున్నారు. రెండో చాయ్ తాగుతున్నాయన గ్లాసు పెదవుల దగ్గర అలాగే ఆగిపోయింది.

"చెప్పండి బాబాయ్ గారూ" అన్నాడు గౌతమ్, మహా వినయంగా. "రాజేశ్వరమ్మ గారు సంతకం పెట్టారా? లేకపోతే అది... ఏమంటారూ?"

కుర్చీ చేతి మీంచి చెయ్యి తీశాను.

"ఎందుకు పెట్టలేదూ? పెట్టారు" అన్నాను. "గుండ్రటి అక్షరాలు. అధికారి ఆ సంతకం చూసి, ఇంత అందమైన సంతకం మీద సుంకం వేయాలా వద్దా అని గంటసేపు ఆలోచించాడు."

జనం ఘొల్లున నవ్వారు. రాజేశ్వరమ్మ గారు కూడా నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. నవ్వుతూనే వచ్చి కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, "అబ్బ" అన్నారు. ఎన్నేళ్లుగానో ఆ బండి దగ్గర నిలబడే చాయ్ తాగినావిడ. కూర్చోమ్మా అని మాలో ఒక్కడూ అన్న పాపాన పోలేదు.

మిగతా సామాన్లు సాయంత్రం ఇంద్రాణి తెచ్చి పంచింది. విశ్వేశ్వరరావు గారి గొడుగు హనుమాండ్లుకు వచ్చింది, పట్టా కారే చోట దాన్ని విప్పి కట్టాడు. ఆయన స్టీలు గ్లాసు గౌతమ్‌కు. చేతికర్ర ఎవరూ అడగకపోతే అదీ రాజేశ్వరమ్మ గారికే, కుర్చీలోంచి లేవడానికి. నేను చోటు ఖాళీ చేసిన పాల క్రేటు మీద ఆ రెండో చాయ్ తాగినాయన రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. ఇప్పుడు నేను నిలబడి చెబుతున్నాను.

నాకేమీ రాలేదు. రాబోయేదంతా ముందే రాసిచ్చేశాను కదా.